రాయల్ గోర్జ్ వంతెన (కొలరాడో): పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

తెనాలి_పిల్ల
అందరికీ నమస్కారం. మేం డెన్వర్ పక్కన అరోరాలో ఉంటాం. అమ్మానాన్న ఈ వేసవికి మా దగ్గరికి వచ్చారు. గార్డెన్ ఆఫ్ ది గాడ్స్, పైక్స్ పీక్ చూపించేశాం. ఇప్పుడు కేన్యన్ సిటీ దగ్గరున్న రాయల్ గోర్జ్ వంతెన, దాని పక్కనున్న అడ్వెంచర్ పార్కు చూద్దామనుకుంటున్నాం. రివ్యూలు చదివితే బుర్ర తిరుగుతోంది. ఒకరు జన్మలో మర్చిపోలేం అంటారు, ఇంకొకరు డబ్బు దండగ అంటారు. నాన్నకు మోకాళ్ళ నొప్పులు. అమ్మకు ఎత్తంటే భయం, మా మూడో అంతస్తు బాల్కనీలోకే రాదు. బాబుకు ఏడేళ్ళు. మా ఆయనేమో జిప్‌లైన్ (తీగకు వేలాడుతూ లోయ దాటడం) వీడియోలు చూస్తూ కూర్చున్నాడు. ఇంతమందికీ ఒకే చోటు సరిపోతుందా? నిజంగా వెళ్ళినవాళ్ళే చెప్పండి, దయచేసి.

కొండపల్లి_బొమ్మ
తప్పకుండా వెళ్ళండి అక్కా. మేం డెన్వర్‌లోనే ఉంటాం, ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా అక్కడికే తీసుకెళ్తాం. వంతెన మీద నిలబడి చూస్తే 955 అడుగుల కింద ఆర్కన్సా నది తాడులా కనిపిస్తుంది. దాని పక్కనే రైలు పోతుంటే పిల్లలు అక్కడి నుంచి కదలరు. మామూలు టికెట్‌లోనే వంతెన, గండోలా (తీగ మీద లోయ దాటించే పెట్టె), చిన్న థియేటర్, పిల్లల ఆటస్థలం వస్తాయి. జిప్‌లైన్, స్కైకోస్టర్ (లోయ అంచున పెద్ద ఊయల లాంటిది), వయా ఫెరాటా (బిగించిన ఇనుప తీగలు, మెట్ల ఆసరాతో కొండగోడ ఎక్కడం) వీటికి మాత్రం విడిగా కట్టాలి. మీ ఆయనను అటు పంపేసి మీరంతా గండోలా ఎక్కండి.

ఎర్రమిర్చి_డాలస్
నేను వ్యతిరేక పార్టీ. డాలస్ నుంచి పగలంతా కారు నడిపి, కేన్యన్ సిటీలో రాత్రి పడుకుని, మర్నాడు మధ్యాహ్నం తీరిగ్గా భోంచేసి వెళ్ళాం. గాలి ఎక్కువైంది, గండోలా ఆపేశారు. తర్వాత ఉరుములు, జిప్‌లైన్ కూడా ఆపేశారు. మిగిలింది వంతెన. అటు నడిచి ఇటు వచ్చేస్తే అయిపోయింది. కుటుంబమంతటికీ టికెట్లు కొని చూసింది అదీ! ఒక చెక్కల వంతెన చూడ్డానికి ఇంత డబ్బా? పైగా ఏదో మధ్యవర్తి సైట్లో టికెట్లు కొన్నాం, తేదీ మార్చమంటే జవాబే లేదు.

ఉప్మా_విరోధి
మిర్చీ బ్రో, కొలరాడోలో జులై నెల మధ్యాహ్నం కొండల దగ్గరికి వెళ్ళి ఉరిమింది అంటావేంటి? అక్కడ వేసవిలో మధ్యాహ్నమైతే చాలు, మబ్బులు డ్యూటీ ఎక్కుతాయి. పొద్దున్నే గేటు తీసే వేళకు అక్కడుండాలి.

ఎర్రమిర్చి_డాలస్
అవన్నీ మా టెక్సాస్ వాళ్ళకెలా తెలుస్తాయి? టికెట్ మీద రాయొచ్చుగా.

నిర్మాణం_నా_పని
సివిల్ ఇంజినీర్‌ని కాబట్టి 'చెక్కల వంతెన' అనగానే చేతులు ఊరుకోలేదు. మిర్చి గారు ఏమీ అనుకోవద్దు.

ఆ వంతెనను 1929లో కట్టారు. జూన్‌లో పని మొదలుపెట్టి డిసెంబరు 8న తెరిచేశారు. అంటే ఆరు నెలలు! న్యూయార్క్ షేర్ మార్కెట్ కూలిన ఏడాదే ఇది. డబ్బు పెట్టింది మీ టెక్సాస్ మనిషే, లాన్ పైపర్ అని శాన్ ఆంటోనియో వ్యాపారి. ఇంజినీరు జార్జ్ కోల్. సుమారు మూడున్నర లక్షల డాలర్లు అయ్యింది. మొత్తం పొడవు 1,260 అడుగులు, వెడల్పు 18 అడుగులు. లోయలో ఒక్క స్తంభం కూడా లేదు. రెండు గట్ల మీదా టవర్లు కట్టి, వాటి మీదుగా పెద్ద ఉక్కు కేబుళ్ళు వేసి, వాటికి వంతెనను వేలాడదీశారు.

మొదటి కేబుల్‌ను అవతలి గట్టుకు ఎలా చేర్చారన్నది నాకు భలే ఇష్టమైన సంగతి. రెండు గట్ల మీద నుంచీ చెరో తీగా లోయలోకి దించారు. అడుగున, నది దగ్గర రెండు కొసలూ కలిపి, పైకి లాగారు. అంతే. హెలికాప్టర్ లేని రోజుల్లో అంతకంటే తెలివైన పద్ధతి నాకైతే తోచదు.

1929 నుంచి 2001 దాకా ప్రపంచంలోకెల్లా ఎత్తైన వంతెన ఇదే. ఆ తర్వాత చైనా వాళ్ళు వరసగా దాటేశారు. అమెరికాలో మాత్రం ఇప్పటికీ ఇదే.

వరంగల్_వాన
మన చీనాబ్ రైలు వంతెన దీనికన్నా ఎత్తే కదా అన్నా?

నిర్మాణం_నా_పని
అవును, చీనాబ్ 359 మీటర్లు, ఇది 291 మీటర్లు. చీనాబ్‌ను 2025 జూన్‌లో ప్రారంభించారు. దాని పునాదులకు, కొండవాలు నిలబెట్టడానికి ఏళ్ళ తరబడి సలహాదారుగా పనిచేసిన ప్రొఫెసర్ మాధవీలత గారు మన ప్రకాశం జిల్లా ఆడపడుచు. కాకపోతే రెంటికీ పోలిక పెట్టకూడదు. చీనాబ్ మీద రైళ్ళు తిరగాలి, భూకంపాలకు, గాలివానలకు ఆగాలి. రాయల్ గోర్జ్ వంతెన మొదటి నుంచీ టూరిస్టుల కోసమే కట్టినది. దాని మీదుగా ఏ ఊరికీ పోనక్కర్లేదు.

ఎర్రమిర్చి_డాలస్
చూశారా! ఏ ఊరికీ పోని వంతెన. నేనన్నదీ అదే.

ఉప్మా_విరోధి
😂 ఈ పాయింట్ మాత్రం మిర్చికి ఇచ్చేయాలి.

రిటైర్డ్_మాస్టారు
అందరికీ ఆశీస్సులు. నేను హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. కిందటి వేసవిలో మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడు అక్కడికి వెళ్ళాం. ఈ చర్చలో పెద్దవాళ్ళ గురించి అందరూ మాట్లాడుతున్నారు గానీ పెద్దవాళ్ళెవరూ మాట్లాడడం లేదు, అందుకని రాస్తున్నాను.

అమ్మాయ్, మీ నాన్నగారి మోకాళ్ళ గురించి బెంగ వద్దు. వంతెన చదునుగానే ఉంటుంది, మెట్లెక్కే పని లేదు. మధ్య మధ్యలో ఆగుతూ నడవవచ్చు. చెక్క పలకలు మాత్రం కాలి కింద చప్పుడు చేస్తాయి. పలకకూ పలకకూ మధ్య సందుల్లోంచి కింద వెలుతురు కనిపిస్తుంది. గాలి వేసినప్పుడు కాస్త కదలిక తెలుస్తుంది. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని గోవింద నామాలు చదువుతూ అవతలికి చేరింది. తిరిగి రావడానికి మాత్రం ససేమిరా అంది, గండోలాలో వచ్చింది. అదేం తర్కమో! తీగ మీద వేలాడే పెట్టెలో భయం లేదట, వంతెన మీద భయమట.

నన్ను బాగా ఆకట్టుకున్నది ఆ లోయ. నది లక్షల ఏళ్ళు గట్టి గ్రానైటు రాతిని కోసుకుంటూ పోతే ఏర్పడింది. పాఠంలో 'నదీ క్రమక్షయం' అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో, దాన్ని కళ్ళతో చూడడం అక్కడే. అరవై దాటినవాళ్ళకు ఆ చూపు చాలు. జిప్‌లైన్లు మాకెందుకు?

అయితే ఒక మాట. ఎండ తీవ్రత. గట్టు మీదే సముద్రమట్టానికి రెండు వేల మీటర్ల ఎత్తు. చల్లగాలి వీస్తుంటే ఎండ తెలియదు, సాయంత్రానికి నెత్తి మాడిపోతుంది. నీళ్ళు ఎక్కువ తాగించండి, టోపీ పెట్టించండి. బీపీ మాత్రలు వేసుకునేవారు డాక్టరును ఒకసారి అడిగి వెళ్ళడం మంచిది.

తెనాలి_పిల్ల
మాస్టారూ, మీరు రాసింది నాన్నకు చదివి వినిపించాను. 'ఆయన ఏ ఊరో కనుక్కో' అంటున్నారు 😊

బెజవాడ_బుల్లోడు
లోయ, నది, క్రమక్షయం అన్నీ సరే, స్కైకోస్టర్ గురించి ఎవరూ రాయరేంటి? బెల్టులు కట్టి మిమ్మల్ని వెనక్కి, పైకి లాగుతారు. పైన ఒక్క క్షణం ఆపుతారు. తాడు మనమే లాగాలి, అదే అసలు టెన్షన్. లాగగానే లోయ అంచు దాటి గాల్లోకి విసిరేసినట్టు పోతాం. పొట్టలోవన్నీ గొంతులోకి వచ్చేస్తాయి. నేను అరిచిన అరుపు మా ఫ్రెండు వీడియోలో ఉంది, ఇప్పటికీ పెళ్ళిళ్ళలో అందరికీ చూపిస్తున్నాడు వెధవ.

జిప్‌లైన్ దీనికన్నా సులువు. లోయకు అడ్డంగా పోతుంది, చూడ్డానికి టైం ఉంటుంది. రెండింటికీ బరువు, ఎత్తు లెక్కలు ఉన్నాయి, ముందే చూసుకోండి. మా గుంపులో ఒకడు బరువు దగ్గర ఆగిపోయి రోజంతా మొహం మాడ్చుకుని తిరిగాడు.

వరంగల్_వాన
నాకు ఎత్తంటే నిజంగానే భయం, సరదాకు చెప్పే భయం కాదు. లక్నవరం వేలాడే వంతెన మీదనే సగం దాకా పోయి వెనక్కి వచ్చిన మనిషిని. రాయల్ గోర్జ్ దగ్గర మా వాళ్ళు 'ఏం కాదు రా' అని చెయ్యి పట్టి గుంజారు. నాలుగు అడుగులు వేసేసరికి కాళ్ళు వణికి అక్కడే కూర్చున్నా. చెమటలు, దడ. జనం చూస్తుంటే సిగ్గు ఒకటి. కాబట్టి తెనాలి అక్కా, మీ అమ్మగారిని బలవంతం చెయ్యకండి. 'ఇంత దూరం వచ్చి' అన్న మాట అసలు వాడకండి. విజిటర్ సెంటర్ దగ్గర కూర్చుని అద్దాల్లోంచి చూసినా లోయ మొత్తం కనబడుతుంది.

కొండపల్లి_బొమ్మ
కానీ కొంచెం ధైర్యం చెప్తే మా అత్తయ్య నడిచేశారు. తర్వాత ఎంత గర్వపడ్డారో! ఇండియాలో అందరికీ ఫొటోలు పంపారు. మరీ భయపెట్టేయకండి.

వరంగల్_వాన
మీ అత్తయ్యకు కుదిరింది. నాకు కుదరలేదు. ధైర్యం చెప్పడం వేరు, గుంజడం వేరు కదా.

ఎర్రమిర్చి_డాలస్
అసలు ఆ పార్కు ఎవరిది? ప్రకృతి ఇచ్చిన లోయకు గేటు పెట్టి డబ్బు వసూలు చెయ్యడమేంటి? రాకీ మౌంటెన్ లాంటి నేషనల్ పార్కుల్లో ఒక్క కారు టికెట్‌తో రోజంతా తిరుగుతాం.

నిర్మాణం_నా_పని
ఆ స్థలం కేన్యన్ సిటీ నగరానిది. 1906లో ఫెడరల్ ప్రభుత్వం ఐదు వేల ఎకరాలకు పైగా ఆ ఊరికి ఇచ్చేసింది. నగరం దాన్ని లీజుకిస్తుంది, ఆ ఆదాయం ఊరికి వస్తుంది. గేటు బయట నగరం వాళ్ళ నడకదారులు కూడా ఉన్నాయి, వాటికి టికెట్ అక్కర్లేదు. గట్టు వెంబడి వెళ్ళే దారిలో నడిస్తే దూరం నుంచి వంతెన, లోయ కనిపిస్తాయి. మిర్చి గారికి అది నచ్చేది.

ఇంకో సంగతి. 2013 జూన్‌లో అక్కడ కార్చిచ్చు రేగింది. పార్కులో ఉన్న 52 కట్టడాల్లో 48 కాలి బూడిదయ్యాయి. 1931 నుంచి లోయ అడుగుకు దించే ఇంక్లైన్ రైలు ఉండేది, నలభై ఐదు డిగ్రీల వాలు మీద నడిచేది, అదీ పోయింది. పాత కేబుల్ కారు పోయింది. వంతెనకు మాత్రం కొన్ని పలకలు కాలడం తప్ప ఏమీ కాలేదు. ఇప్పుడు మీరు చూసే గండోలా, విజిటర్ సెంటర్, ఆటస్థలం అన్నీ ఆ తర్వాత కట్టినవే. పాత రివ్యూల్లో లోయ అడుగుకు వెళ్ళొచ్చామని రాసి ఉంటుంది, అది చూసి వెళ్ళి ఇప్పుడు లేదే అని నిరాశపడేవాళ్ళు చాలామంది ఉన్నారు.

తెనాలి_పిల్ల
అయ్యో, నేను చదివిన వాటిలో ఆ ఇంక్లైన్ రైలు ఉంది! మంచిపని చేశారు చెప్పి. మరి లోయ అడుగు చూడాలంటే?

కొండపల్లి_బొమ్మ
కేన్యన్ సిటీ నుంచి బయల్దేరే రాయల్ గోర్జ్ రూట్ రైలు ఉందిగా. అది నది ఒడ్డునే లోయలోంచి పోయి తిరిగొస్తుంది, రెండు గంటల చిల్లర పడుతుంది. మీ అమ్మగారికి అదే సరి. కింద నుంచి తలెత్తి చూస్తే వంతెన గీత గీసినట్టుంటుంది. పైకప్పు లేని పెట్టె ఒకటి ఉంటుంది, అందులో నిలబడి ఫొటోలు తీసుకోవచ్చు.

రిటైర్డ్_మాస్టారు
ఆ రైలు దారికి పెద్ద కథే ఉంది. 1870ల చివర్లో లెడ్‌విల్ అనే కొండ ఊళ్ళో వెండి దొరికింది. అక్కడికి పట్టాలు వేయాలంటే ఈ లోయే దారి. లోయ అడుగున చోటు ఒక్క రైలుకే ఉంది, వచ్చింది రెండు కంపెనీలు. డెన్వర్ అండ్ రియో గ్రాండే ఒకటి, శాంటా ఫే ఇంకొకటి. తుపాకులు పట్టిన మనుషుల్ని పెట్టుకుని ఒకరి పని ఒకరు అడ్డుకున్నారు. కోర్టుల చుట్టూ తిరిగి 1880లో రాజీ పడ్డారు, దారి రియో గ్రాండే వాళ్ళకు దక్కింది. మన ఊళ్ళల్లో చేలగట్టు తగాదాలు గుర్తొచ్చాయి నాకు.

లోయ మరీ ఇరుకైన చోట పట్టాలు వేయడానికి నేల లేక, 1879లో రెండువైపుల రాతిగోడలకూ ఉక్కు దూలాలు బిగించి వాటి నుంచి వంతెనను వేలాడదీశారు. అది ఇప్పటికీ ఉంది, రైలు దాని మీదుగానే పోతుంది. నన్నడిగితే పైనున్న వంతెన కన్నా అదే గొప్ప.

నిర్మాణం_నా_పని
మాస్టారూ, దీంతో నేను నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తా.

ఉప్మా_విరోధి
లోయ అడుగు చూడ్డానికి ఇంకో దారి రాఫ్టింగ్, అంటే గాలి పడవలో నది మీద పోవడం. తెనాలి గారి అమ్మానాన్నలకు కాదు, వాళ్ళాయనకు. కానీ ఒక హెచ్చరిక. రాయల్ గోర్జ్ భాగం కొత్తవాళ్ళకు కాదు. నాలుగో తరగతి సుడులు, నీళ్ళు పెరిగితే ఐదో తరగతి (అంకె పెరిగే కొద్దీ ప్రమాదం ఎక్కువ). జూన్‌లో మంచు కరిగి నది ఉరుకుతుంటుంది. మేం వెళ్ళిన కంపెనీ (పేరొద్దు) వాళ్ళు ఫోన్లో 'ఈత రాకపోయినా పర్లేదు' అన్నారు. సన్‌షైన్ ఫాల్స్ అనే సుడి దగ్గర మా పడవలోంచి ఇద్దరు నీళ్ళలో పడ్డారు. అందులో ఒకణ్ణి నేను. లైఫ్ జాకెట్, గైడ్ పుణ్యమా అని బయటికొచ్చా. ఆ నీటి చలికి ఊపిరి అందలేదు. పైకి చూస్తే వంతెన మీద జనం చేతులూపుతున్నారు, వాళ్ళకు మేం సరదా పడుతున్నట్టు కనిపించి ఉంటుంది.

పిల్లలతో వెళ్ళేవాళ్ళు దానికి ఎగువన ఉన్న బిగ్‌హార్న్ షీప్ కేన్యన్ భాగం తీసుకోండి. అక్కడ నది కాస్త మర్యాదగా ఉంటుంది.

బెజవాడ_బుల్లోడు
ఉప్మా మావా, నువ్వు పడ్డ వీడియో ఉందా?

ఉప్మా_విరోధి
ఉంది. ఇవ్వను.

ఎర్రమిర్చి_డాలస్
మొత్తానికి ఎవరూ నా డబ్బు గురించి మాట్లాడరు. వంతెన గొప్పది, రైలు గొప్పది, కథ గొప్పది. నేను రాసింది అబద్ధమా? గండోలా ఆగిపోతే ఆ టికెట్‌కు విలువేంటి? ఇక్కడ డెన్వర్ బ్యాచ్ అంతా ఆ పార్కు వాళ్ళ దగ్గర కమీషన్ తీసుకుంటున్నట్టుంది.

వేదిక_నిర్వాహకులు
మిర్చి గారూ, మీ అనుభవం రాయండి, అది అందరికీ పనికొస్తుంది. కమీషన్ లాంటి మాటలు వద్దు. ఈ మాట తర్వాత వచ్చిన కొన్ని జవాబులు తీసేశాం.

కొండపల్లి_బొమ్మ
మిర్చి గారి బాధలో న్యాయం ఉంది లెండి. గాలి ఉన్న రోజు వెళ్తే సగం పార్కు మూసే ఉంటుంది. నేను చేసేదేంటంటే, ముందు రోజు రాత్రి వాతావరణం చూసి, గాలి ఎక్కువుంటే ఆ రోజు రైలు ఎక్కేస్తా, వంతెన ఇంకో రోజుకు వాయిదా. మేం దగ్గర్లో ఉంటాం కాబట్టి కుదురుతుంది. డాలస్ నుంచి వచ్చేవాళ్ళకు ఆ సౌకర్యం లేదు, నిజమే. దూరం నుంచి వచ్చేవాళ్ళు ఆ ఒక్కదాని కోసమే రాకండి. కొలరాడో స్ప్రింగ్స్‌లో మకాం పెట్టుకుంటే గంటన్నర లోపే ప్రయాణం, ఏ రోజు బాగుంటే ఆ రోజు వెళ్ళొచ్చు.

ఎర్రమిర్చి_డాలస్
ఇది ముందే చెప్పి ఉంటే గొడవే లేకపోయేది. సరే, ఈ సలహా బాగుంది.

తెనాలి_పిల్ల
వెళ్ళొచ్చాం! అందరికీ థాంక్స్.

పొద్దున్నే గేటు తీసే వేళకు చేరిపోయాం. గాలి లేదు. నాన్న వంతెన మొత్తం నడిచారు, మధ్యలో ఎన్నిసార్లు ఆగారో లెక్కలేదు, అది మోకాళ్ళ కోసమో చూడ్డానికో తెలియలేదు. మాస్టారు చెప్పిన రైలు తగాదా కథ అక్కడ ఎవరో తెలుగువాళ్ళు కనిపిస్తే వాళ్ళకూ చెప్పారు. బాబుకు వంతెన మీద కట్టిన యాభై రాష్ట్రాల జెండాల్లో కొలరాడో జెండా వెతకడమే పెద్ద ఆట. తర్వాత ఆటస్థలంలో దిగాడు, అక్కడి నుంచి లాక్కురావడం మా వల్ల కాలేదు.

అమ్మ వంతెన ఎక్కలేదు. మేమెవరం అడగలేదు కూడా. విజిటర్ సెంటర్లో అద్దం పక్కన కూర్చుంది. మర్నాడు రైల్లో మాత్రం పైకప్పు లేని పెట్టె దగ్గర నుంచి కదల్లేదు, వంతెన కింద నుంచి పోతున్నప్పుడు 'దీని మీదికా నన్ను రమ్మన్నారు' అని ఒక దండం పెట్టింది.

మా ఆయన సంగతే తేడా కొట్టింది. జిప్‌లైన్ వరస వచ్చేసరికి మధ్యాహ్నమైంది, మెరుపులు మొదలయ్యాయి, ఆపేశారు. ఇంటికొచ్చే దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనను అడిగితే మిర్చి గారి పార్టీలో చేరతాడు. తిండి విషయం కూడా రాయాలి, లోపల శాకాహారులకు పెద్దగా ఏమీ దొరకలేదు మాకు. పులిహోర కట్టుకెళ్ళడం మంచిదైంది, బయట కారు దగ్గర తిన్నాం.

ఎర్రమిర్చి_డాలస్
బావగారికి స్వాగతం.

రిటైర్డ్_మాస్టారు
చాలా సంతోషం అమ్మా. నాన్నగారికి చెప్పు, మాది నరసరావుపేట.

సీటెల్_చినుకు
ఆలస్యంగా వచ్చా. మేం అక్టోబరు మధ్యలో వెళ్దామనుకుంటున్నాం, అత్తామామలతో. అప్పుడు బాగుంటుందా, చలి మరీ ఎక్కువా?

కొండపల్లి_బొమ్మ
అక్టోబరే నాకు ఎక్కువ ఇష్టం. జనం తక్కువ, మధ్యాహ్నం ఉరుములు కూడా తగ్గిపోతాయి. నది పక్క కాటన్‌వుడ్ చెట్లు పసుపు రంగుకు తిరుగుతాయి, కాబట్టి రైలు తప్పక పెట్టుకోండి. పొద్దున చలి ఉంటుంది, స్వెటర్లు ఉండాలి. వేసవి పోయాక వేళలు తగ్గుతాయి, కొన్ని రైడ్లు నడవకపోవచ్చు, టికెట్ కొనేముందు వాళ్ళ సొంత సైట్లో ఆ రోజు ఏవి తెరిచి ఉంటాయో చూసుకోండి. స్ప్రింగ్స్ నుంచి 115 హైవే మీదుగా వస్తే దారి కూడా అందంగా ఉంటుంది, జింకలు అడ్డొస్తాయి, చీకటిపడ్డాక మెల్లగా నడపమనండి.